హాలెండ్‌లో పాత సోడియం దీపాల వేట: 25 యూరోలు మింగినాయన, రెండున్నర యూరోలకూ లెక్క చెప్పిన పెద్దాయన

ఒకప్పుడు రోడ్ల మీద పసుపు వెలుగిచ్చిన పాత సోడియం వేపర్ దీపాలను సేకరించడానికి నెదర్లాండ్స్ వెళ్ళాలనుకునేవాళ్ళు ముందుగా ఒక్క మాట వినండి. దీపం చూపించడానికే అడ్వాన్సు అడిగేవాడి గడప తొక్కకండి. ఉట్రెక్ట్ శివార్లలో ఒకాయన నా దగ్గర 25 యూరోలు అలాగే కొట్టేశాడు. ఆ మంట ఇంకా చల్లారలేదు.

ఆయన ప్రకటనలో '1932 నాటి అసలు సోడియం దీపం, పనిచేస్తుంది, 250 యూరోలు' అని ఉంది. ఆ సంవత్సరం చూస్తే సేకరించేవాళ్ళ గుండె ఆగుతుంది. ఫిలిప్స్ వాళ్ళు లింబర్గ్ ప్రాంతంలో బేక్, ఖెలీన్ ఊళ్ళ మధ్య రోడ్డు మీద సోడియం దీపాలు వెలిగించింది 1932లోనే. దీపాన్ని హోల్డర్‌లో బిగించే చివర, అంటే టోపీ దగ్గర, ఫోటో తీసి పంపమంటే పంపలేదు. "చాలామంది అడుగుతున్నారు, 25 కట్టి వచ్చి చూసుకోండి, నచ్చకపోతే వెనక్కి ఇచ్చేస్తా" అన్నాడు. కట్టి వెళ్ళాం.

అట్టపెట్టె తెరవగానే తెలిసిపోయింది. మొదట్లో వచ్చిన ఎస్ఓ రకం దీపాల్లో వెలిగే గొట్టం వేరు, దాని మీద తొడిగే గాజు తొడుగు వేరు. ఆ తొడుక్కి రెండు పొరలుంటాయి, మధ్యలో శూన్యం, ఫ్లాస్కుకి ఉన్నట్టే. గొట్టం పోతే అది మార్చుకుని తొడుగు మళ్ళీ వాడుకునేవారు. ఈయన దగ్గరున్నది ఒకే ముక్కగా సీలు వేసిన దీపం. పైగా బయటి గాజు లోపల ఇండియం ఆక్సైడ్ పూత, పక్కకి తిప్పితే మెరుస్తోంది. వేడిని వెనక్కి కొట్టడానికి వేసే ఆ పూత 1960ల్లో వచ్చింది. అంటే ఇది తర్వాత వచ్చిన ఎస్ఓఎక్స్ రకం, ముప్ఫైల నాటిది కానే కాదు. అంతకన్నా ఘోరం, గొట్టం మీద సోడియం నిలవడానికి చేసిన సొట్టల్లో వెండిలా మెరవాల్సిన ఆ లోహం తెల్లగా సున్నం కొట్టినట్టుంది. గాలి దూరిపోయిందన్నమాట. పనిచేస్తుందన్నారు కదా, వెలిగించండి అంటే చోక్ లేదన్నాడు. అడ్వాన్సు వెనక్కి అడిగితే "మీ కోసం మధ్యాహ్నమంతా ఖాళీ పెట్టుకున్నా, దానికి సరి" అని తలుపు వేసేశాడు. మా బావమరిది బస్టాపు దాకా ఒక్క మాటా మాట్లాడలేదు. బస్సెక్కాక మాత్రం "బావా, ట్యూబ్‌లైటు కోసం ఇంత దూరమా" అన్నాడు. అది ట్యూబ్‌లైటు కాదురా అని చెప్పే ఓపిక నాకు లేదు.

మేం దిగింది ఐండ్‌హోవెన్‌లో. ఫిలిప్స్ కంపెనీ 1891లో పుట్టిన ఊరు. ఆ తొలి ఫ్యాక్టరీ భవనంలోనే మ్యూజియం ఉంది, వెళ్ళండి, ఒక పూట చాలు.

బస సంగతి చెప్పాలి. ఇద్దరికి రాత్రికి 96 యూరోలు, లిఫ్టు లేదు, మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి. అంతకుముందే ఒక సెకండ్‌హ్యాండ్ సామాన్ల దుకాణంలో 180 వాట్ల ఎస్ఓఎక్స్ ఒకటి 12 యూరోలకే దొరికింది. అదేంటో అమ్మేవాళ్ళకే తెలియదు. పొడవు 112 సెంటీమీటర్లు. దాన్ని చూసి మా బస యజమాని ఇదేమైనా పేలుతుందా అని అడిగాడు, గదిలోకి వద్దన్నాడు, సామాను దాచే ఖర్చు కింద 8 యూరోలు పుచ్చుకున్నాడు. పొద్దున్న దిగి చూస్తే మా దీపం గొడుగుల బుట్టలో నిలబడి ఉంది. నీళ్ళు కారుతున్న గొడుగుల మధ్య! లోపలున్నది సోడియం, నీళ్ళు తగిలితే మండే లోహం. గాజు పగిలుంటే ఆయన భయం నిజమయ్యేది. నేను అరిచాను. ఆయన భుజాలు ఎగరేసి టిఫిను కావాలా, మనిషికి 14 యూరోలు అన్నాడు. రొట్టె, చీజ్, చల్లారిన కాఫీకి 14 యూరోలు. ఆ వీధిలో ఉండకండి. స్టేషనుకి దగ్గర్లో, లిఫ్టు ఉన్నచోట, పది ఎక్కువైనా ఇవ్వండి.

ఇంత జరిగాక బావమరిది వెనక్కి వెళ్ళిపోదామన్నాడు. కానీ ఖెలీన్ వైపు ఒక రిటైరైన ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడి ఉన్నాను, అడ్వాన్సు ఊసే ఎత్తని మనిషి. సిట్టార్డ్ దాకా ఇంటర్‌సిటీ, అక్కడ మారితే ఖెలీన్. రైళ్ళకి వంక పెట్టడానికి లేదు.

పెద్దాయన గ్యారేజీ చూశాక నాకు ఉట్రెక్ట్ మీద కోపం సగం పోయింది. గోడ పొడవునా అరలు. మెర్క్యూరీ దీపాలు ఒక పక్క, సోడియం ఒక పక్క, ప్రతి దానికీ దారం కట్టిన చీటీ. 45 వాట్ల ఎస్ఓ, తొడుగుతో సహా, నా ముందు పెట్టాడు. తొడుగు దొరకడమే కష్టం. చాలామంది అమ్మేది లోపలి గొట్టం ఒక్కటే. నేను అడక్కముందే వెలిగిస్తానన్నాడు. వీటికి మామూలు చోక్ చాలదు, వోల్టేజి పెంచే లీకేజి ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఆయన దగ్గర బరువైన పాతది ఒకటి ఉంది, గుయ్యిమంటూ మోగింది. మొదట నియాన్ ఎర్రగా వెలిగింది. బావమరిది ఇంతేనా అన్నట్టు చూశాడు. గొట్టం వేడెక్కి సోడియం ఆవిరయ్యేకొద్దీ ఎరుపు నారింజలోకి, నారింజ పసుపులోకి తిరిగింది. పావుగంట పట్టింది. ఆ వెలుగంతా దాదాపు 589 నానోమీటర్ల దగ్గరే ఉంటుంది కాబట్టి వేరే రంగేదీ కనబడదు. బావమరిది ఎర్ర జాకెట్టు మసిబట్టినట్టు గోధుమ రంగుకి మారిపోయింది, మా ఇద్దరి మొహాలూ బూడిద రంగు. అప్పుడు మొదటిసారి ఫోను బయటికి తీసి వాడంతట వాడే ఫోటోలు తీసుకున్నాడు.

ధర 35 యూరోలు. చుట్టడానికి వాడిన బబుల్ ర్యాప్‌కి విడిగా రెండున్నర. చిల్లర లెక్కపెట్టి మరీ తీసుకున్నాడు, రసీదు రాసిచ్చాడు. బేరం ఆడాలనిపించలేదు. ఉట్రెక్ట్ ఆయన రేటుతో పోలిస్తే ఇదెంత!

తీసుకెళ్ళడానికి హార్డ్‌వేర్ షాపులో పీవీసీ పైపు కొని, రెండు వైపులా మూత పెట్టి, లోపల గుడ్డలు కుక్కండి. మాకు 9 యూరోలైంది. దీపం ఆరిన వెంటనే మాత్రం కదపకూడదు, సోడియం చల్లారి గట్టిపడేదాకా ఆగాలి. విమానం గురించైతే ముందే కనుక్కోండి, మేం రైల్లోనే వెళ్ళొచ్చాం. ఫిలిప్స్ ఈ రకం, అంటే తక్కువ పీడన సోడియం దీపాల తయారీ ఎప్పుడో ఆపేసింది కాబట్టి ఇకమీద ధరలు తగ్గవు, కనబడ్డ మంచి ముక్క వదలకండి.

బయల్దేరేటప్పుడు పెద్దాయన తన అటక మీద ఇంగ్లండు రకం ఎస్ఎల్ఐ ఒకటుందన్నాడు, మిగతా వాటిలా యూ ఆకారంలో వంచిన గొట్టం కాకుండా తిన్నని గొట్టంతో వచ్చేది. దించాలంటే ఆయన కొడుకు రావాలట. ధర చెప్పలేదు. మళ్ళీ వస్తానని చెప్పాను. బావమరిది తను రానని అప్పటికప్పుడే చెప్పేశాడు.