హోర్సా, వాకో గ్లైడర్ మోడల్స్: ఏళ్ళ తరబడి వాడాక నా సమీక్ష

బొమ్మ సైనికుల్ని పోగేసేవాళ్ళు ఎందుకో ట్యాంకులు, జీపుల దగ్గరే ఆగిపోతారు, గ్లైడర్ల వైపు, అంటే రెండో ప్రపంచ యుద్ధంలో వేరే విమానం తాడుతో లాక్కెళ్ళి వదిలిన ఇంజిన్ లేని విమానాల వైపు, పెద్దగా చూడరు. నా దగ్గర 1/72 స్కేల్‌లో (అసలుదాంట్లో 72వ వంతు) రెండున్నాయి, బ్రిటిష్ వాళ్ళ హోర్సా ఒకటి, అమెరికన్ వాకో సీజీ-4ఏ ఇంకోటి. ఇన్నేళ్ళు వాడాక చెప్పేదొక్కటే, వీటిని దారం కట్టి గాల్లో వేలాడదీయకండి, నేల మీద దిగిపోయినట్టు పెట్టండి, సైనికులకి పని దొరికేది అక్కడే.

హోర్సా అసలుది దాదాపు మొత్తం చెక్కే, ఫర్నిచర్ ఫ్యాక్టరీల్లో కూడా చేయించారు. రెక్కలు 88 అడుగులు, అంటే మోడల్‌లో 37 సెంటీమీటర్లు వస్తుంది, అందుకే నేను రెక్కలకి గమ్ పెట్టకుండా ఊరికే దూర్చి వదిలేశా, ఇల్లు మారినప్పుడు ఊడదీసి పేపర్లో చుట్టేస్తే సరిపోయింది. తలనొప్పి ఎక్కడంటే బరువు దగ్గర. మూడు చక్రాల మీద నిలబెడితే తోక మీద కూలబడుతుంది, ముందంతా అద్దాలే కాబట్టి ఏం కుక్కినా బయటికి కనిపిస్తుంది, గాలానికి కట్టే సీసం గుండ్లు పైలట్ల ఫ్లోర్ కింద అతికిస్తే నిలబడింది. అంత ఓపిక లేకపోతే ముందు చక్రం పీకేసి ముక్కు నేలకి ఆనించేయండి, తప్పేం కాదు! 1944 జూన్ 6 అర్ధరాత్రి దాటాక ఫ్రాన్స్‌లోని నార్మండీలో పెగాసస్ బ్రిడ్జి దగ్గర మొదటి హోర్సా వంతెనకి 50 గజాల లోపే వచ్చి ఆగింది, ముక్కు నుజ్జయిపోయి పైలట్ జిమ్ వాల్‌వర్క్ ముందు అద్దంలోంచి బయటికొచ్చి పడ్డాడు.

వాకోది స్టీల్ గొట్టాల ఫ్రేము, పైన గుడ్డ. పైలట్ల క్యాబిన్‌తో సహా ముక్కు మొత్తం పైకి లేస్తుంది, లోపల్నుంచి జీపు దిగుతుంది, డిస్‌ప్లేకి ఇంతకన్నా ఏం కావాలి. కాకపోతే నేను కొన్న కిట్‌లో ఆ కీలు మరీ సన్నం, నాలుగుసార్లు తెరిచి మూస్తే విరిగిపోయింది, ఇప్పుడు తెరిచినట్టే పర్మనెంట్‌గా అతికించేశా. నాది బర్మా సీను. 1944 మార్చి 5 రాత్రి అస్సాంలోని లాలాఘాట్ నుంచి చిండిట్లని (బర్మాలో జపాన్ వాళ్ళ వెనక చేరి పోరాడిన బ్రిటిష్ దళం) ఇవే తీసుకెళ్ళాయి, ఒక్కో డకోటా రవాణా విమానం వెనక రెండేసి కట్టి లాగారు, ఓవర్‌లోడ్‌కి దార్లో తాళ్ళు తెగాయి, అవతల బర్మా అడవిలో బ్రాడ్‌వే అని పేరు పెట్టిన ఖాళీ జాగాలో దుంగలు ఈడ్చిన గాడులు గడ్డిలో కనబడక దిగినవి దిగినట్టే విరిగిపడ్డాయి. కాబట్టి చక్రం ఊడినా కంగారు లేదు. ఒక్కటి మాత్రం చూసుకోండి, రెక్కల మీద గుర్తు కోసం వేసే నలుపు తెలుపు చారలు జూన్‌లో నార్మండీకి వేసినవి, బర్మా వాకోకి వేస్తే నవ్వుతారు.

సైనికుల సంగతికొస్తే పారాట్రూపర్ల డబ్బాలో పారాచూట్‌తో దూకే పోజులు ఇక్కడ పనికిరావు, పరిగెత్తేవి, మోకాలి మీద కూర్చున్నవి ఏరుకోండి. మెత్తటి ప్లాస్టిక్ కాబట్టి ముట్టుకుంటే రంగు రాలుతుంది, ముందు సబ్బునీళ్ళతో కడిగి, ఆరాక నీళ్ళు కలిపిన ఫెవికాల్ ఒక పూత వేస్తే చాలావరకు ఆగుతుంది.

54 ఎంఎం ఎత్తు బొమ్మలు (దాదాపు 1/32 స్కేల్) ఉన్నవాళ్ళకి ఈ స్కేల్ అస్సలు కుదరదు. 1/32లో హోర్సా కావాలంటే రెక్కలే 84 సెంటీమీటర్లు, దివాన్ ఖాళీ చేయించాలి. వాళ్ళు ముందు భాగం, తలుపు వరకు చెక్కతో చేసుకోవడమే బెటరు. 1/72 వాళ్ళు ఒక్కటే కొనేట్టయితే వాకో తీసుకోండి, పక్కన ఏ విల్లీస్ జీపు పెట్టినా సెట్టవుతుంది.