బురద నేల నుంచి పుట్టిన ఇంగ్లిష్ ఇడియమ్స్: ఏ నిఘంటువును ఎంతవరకు నమ్మొచ్చు?

స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ), బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లు ఇడియమ్స్ కోసం ఏం కొనాలి, ఏది ఉచితంగా చూసుకోవచ్చు, ఏది పక్కన పెట్టాలి అన్నదే ఈ సమీక్ష. నిఘంటువు మొత్తాన్ని తూకం వేయలేం కాబట్టి ఒక్క కుటుంబం మాటలనే తీసుకున్నాం: తడి నేలకు, బురదకు ఇంగ్లిష్‌లో ఉన్న పేర్లు. బాగ్ (bog), స్వాంప్ (swamp), మైర్ (mire), క్వాగ్‌మైర్ (quagmire), మొరాస్ (morass), స్లౌ (slough), మడ్ (mud). వీటి మీద కట్టిన నుడికారాలు పత్రికల్లో, ఆఫీసు మెయిళ్లలో, ప్రశ్నపత్రాల్లో తరచుగా ఎదురవుతాయి. నాసిరకం పుస్తకం ఎక్కడ తప్పుతుందో కూడా వీటి దగ్గరే ఇట్టే బయటపడుతుంది.

ముందు కోచింగ్ సెంటర్ల పక్క జిరాక్స్ షాపుల్లో స్పైరల్ బైండింగ్‌తో దొరికే ఇడియమ్స్ పుస్తకాల సంగతి. కడపలోనైనా, కర్నూలులోనైనా, అనంతపురంలోనైనా వీటి పద్ధతి ఒకటే. ఎడమ వైపు ఇడియమ్, కుడి వైపు ఒక ముక్క తెలుగు అర్థం, అంతే. ఉదాహరణ వాక్యం ఉండదు, పక్కన ఏ ప్రిపోజిషన్ రావాలో ఉండదు, అది మర్యాద మాటా మోటు మాటా చెప్పరు. డిగ్రీ అయినవాళ్లకు ఎస్‌ఎస్‌సీ పెట్టే సీజీఎల్ పరీక్ష మొదటి దశ టైర్-1లో ఇంగ్లిష్‌కు 25 ప్రశ్నలు, 50 మార్కులు. ఒక్క తప్పుకు అర మార్కు పోతుంది. ఇచ్చే నాలుగు ఆప్షన్లలో రెండు ఎప్పుడూ దగ్గర దగ్గరగానే ఉంటాయి. 'బురదలో పడటం' అని ఒకే అర్థాన్ని మూడు నాలుగు ఇడియమ్స్‌కు రాసిన పుస్తకం చదివినవాళ్లు సరిగ్గా ఆ రెండింటి మధ్యే ఆగిపోతారు.

అసలు తేడా నేల పేరులో లేదు, క్రియలో ఉంది. ఆ క్రియలు మన తెలుగులో ఎప్పటినుంచో వేరువేరుగా ఉన్నాయి. స్వాంప్డ్ అంటే మునిగిపోవడం. దరఖాస్తులు, ఫోన్లు, పని మీదికి వచ్చిపడి తలమునకలవడం. ఇది పరిమాణానికి సంబంధించిన మాట. పని తగ్గితే తేలిపోతారు. బాగ్డ్ డౌన్ అంటే దిగబడటం. వాన పడ్డాక నల్లరేగడి చేలో ట్రాక్టర్ చక్రం దిగబడ్డట్టు కదలిక ఆగిపోతుంది. చిన్న చిన్న వివరాల దగ్గర చర్చ ఆగిపోయిందని చెప్పడానికి ఈ మాట వాడతారు. పని కొంచెమే ఉన్నా దిగబడొచ్చు. మైర్డ్ అంటే కూరుకుపోవడం. అప్పుల్లో, కుంభకోణంలో, కోర్టు కేసుల్లో చాలాకాలంగా ఇరుక్కుని బయటికి రాలేకపోవడం. క్వాగ్‌మైర్ అచ్చంగా మన ఊబి. కాలు లాగినకొద్దీ లోపలికి లాక్కునేది. అందుకే ముగింపు కనపడని యుద్ధాలకు, లీగల్ తగాదాలకు ఆ మాట వాడతారు. వియత్నాం యుద్ధం రోజుల నుంచి అమెరికా రాజకీయాల్లో ఇది బాగా పాతుకుపోయింది. మొరాస్ దీనికి చుట్టమే కానీ, నిబంధనలు, కాగితాలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని దారి తెలియని స్థితికి ఎక్కువగా వాడతారు. మునగడం, దిగబడటం, కూరుకుపోవడం అన్న మూడు మాటలు గుర్తుంటే పరీక్షలో సగం సందేహాలు తీరినట్టే. ఏ జిరాక్స్ పుస్తకమైనా ఈ మూడింటినీ విడదీసి ఇచ్చిందా లేదా అన్నది కొనే ముందు నిలబడి చూసుకోవచ్చు, రెండు నిమిషాల పని.

ఇక ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ. ఇంగ్లిష్ పరాయి భాషగా నేర్చుకునేవాళ్ల కోసం హార్న్‌బీ తయారుచేసిన నిఘంటువు ఇది. ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ 1948లో వేసింది. ఈ కుటుంబం మాటలకు దీన్ని మించింది లేదని మా అభిప్రాయం. కారణం అర్థాలు కాదు, గుర్తులు. బాగ్ కింద చూస్తే నేల అర్థం వేరు, బ్రిటిష్ యాసలో మరుగుదొడ్డి అన్న అర్థం వేరు, దాని పక్కనే 'స్లాంగ్' అన్న ముద్ర. బాగ్‌హౌస్ అనే పాత మాటను కుదిస్తే వచ్చిన అర్థం అది. ఆ ముద్ర చూడకుండా ఇంటర్వ్యూలో ఆ మాట వాడితే పరువు పోతుంది. బాగ్ ఆఫ్ అన్నది తిట్టు. బ్రిటన్ దుకాణాల్లో 'ఒకటి కొంటే ఒకటి ఉచితం' ఆఫర్‌కు వాడే బోగోఫ్ అనే పొడి అక్షరాల మాట మాత్రం వేరు. ఆ రెండింటినీ కలపకూడదు. స్టిక్-ఇన్-ద-మడ్ దగ్గర 'డిసప్రూవింగ్' అని ఉంటుంది, అంటే ఎదుటివాళ్లను తక్కువ చేసే మాట. కొత్తదేదీ ఒప్పుకోని, ఎక్కడికీ కదలని మనిషిని అలా అంటారు. కష్టాల్లో ఇరుక్కున్నవాడు అని చాలామంది తప్పుగా నేర్చుకునేది దీన్నే.

పుస్తకంలో ఇడియమ్ దొరకడం లేదని వదిలేసేవాళ్లకు ఒక మాట. ఇందులో ఇడియమ్‌ను మొదటి ముఖ్యమైన మాట కింద ఇస్తారు. ఎ, ద, ఇన్ లాంటివి లెక్కలోకి రావు. క్లియర్ ఆజ్ మడ్ కావాలంటే ముందు క్లియర్ కింద చూడాలి, లేకపోతే మడ్ కింద. ఎంట్రీ చివర ఐడీఎం అన్న గుర్తు తర్వాత ఇడియమ్స్, పీహెచ్‌ఆర్ వీ అన్న గుర్తు తర్వాత ఫ్రేజల్ వెర్బ్స్ వరసగా ఉంటాయి. బాగ్ డౌన్ ఈ రెండో గుంపులోది. పక్కన 'యూజువల్లీ పాసివ్' అని ఉంటే ఆ మాటను దాదాపు ఎప్పుడూ గెట్ బాగ్డ్ డౌన్, బి స్వాంప్డ్ రూపంలోనే వాడాలి. మన పిల్లలు రాసే వాక్యాల్లో ఎక్కువ తప్పులు ఇక్కడే: 'ఐ యామ్ బాగింగ్ డౌన్' అని రాస్తారు. ప్రిపోజిషన్లు కూడా ఉదాహరణల నుంచే పట్టుకోవాలి. స్వాంప్డ్ తర్వాత విత్ లేదా బై. మైర్డ్ తర్వాత ఇన్. బాగ్డ్ డౌన్ తర్వాత ఇన్ ఎక్కువ, విత్, బై కూడా వస్తాయి.

క్లియర్ ఆజ్ మడ్ దగ్గర ఇంకో క్షణం ఆగాలి. రూపం చూస్తే 'స్పష్టంగా ఉంది' అనిపిస్తుంది. అర్థం పూర్తిగా తలకిందులు: ఏమీ అర్థం కాలేదు. ఆక్స్‌ఫర్డ్ దీనికి హాస్యపు మాట అని ముద్ర వేసింది. ఆ ముద్రే లేకపోతే ఈ ఇడియమ్ అర్థం కాదు. బాగ్-స్టాండర్డ్ కూడా ఇలాగే పొరపాటు చేయిస్తుంది. 'నాసిరకం' అని రాసిన పుస్తకాలున్నాయి. అది తప్పు. ప్రత్యేకతలేమీ లేని మామూలు సరుకు అని అర్థం. బ్రిటిష్ వాడుక, ఇన్ఫార్మల్. పైగా ఆ బాగ్‌కు బురద నేలతో సంబంధం ఉందని కచ్చితంగా తేలలేదు. బాక్స్-స్టాండర్డ్ అన్నది మారి ఇలా అయిందన్న వాదన ఉంది. బోగస్ అన్న మాటకైతే ఈ కుటుంబంతో ఏ చుట్టరికమూ లేదు.

కేంబ్రిడ్జ్ వెబ్‌సైట్ ఉచితం. ఫోన్‌లో తేలిగ్గా తెరుచుకుంటుంది. బ్రిటిష్, అమెరికన్ ఉచ్చారణలు రెండూ వినొచ్చు. వాక్యాలు సరళంగా ఉంటాయి కాబట్టి డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు ఆక్స్‌ఫర్డ్ కన్నా ముందు దీన్నే చూపించాలి. ఇందులో ఇంగ్లిష్-తెలుగు విభాగం కూడా ఉంది. మామూలు మాటలకు అది చాలు. ఇడియమ్ కోసం మాత్రం ఇంగ్లిష్ విభాగానికే వెళ్లండి. సెర్చ్ పెట్టెలో ఒంటి మాట కొట్టకుండా ఇడియమ్ మొత్తం కొట్టాలి.

మాట చరిత్ర కావాల్సినవాళ్లకు మెరియం-వెబ్‌స్టర్ వెబ్‌సైట్ మంచిది. పరీక్షకు ఇది అవసరం లేదు, కానీ యూట్యూబ్ కథల నుంచి కాపాడుతుంది. అలాంటి కథల్లో 'హిజ్ నేమ్ ఈజ్ మడ్' (అతని పరువు పోయింది అని అర్థం) కథ ఒకటి. లింకన్‌ను 1865లో చంపినవాడి విరిగిన కాలికి కట్టు కట్టిన డాక్టర్ మడ్ పేరు నుంచి ఇది పుట్టిందని చాలా వీడియోల్లో చెబుతారు. ఈ నుడికారం 1823 నాటికే లండన్ యాస మాటల నిఘంటువులో అచ్చయి ఉంది. హత్యకు నలభై రెండేళ్ల ముందున్న మాట హత్య నుంచి ఎలా పుడుతుంది? బాగ్ ఐరిష్, స్కాటిష్ గేలిక్ భాషల్లో 'మెత్తన' అన్న మాట నుంచి వచ్చింది. క్వాగ్‌మైర్‌లోని క్వాగ్ అడుగు వేస్తే ఊగే నేల. ఈ రెండూ తెలిస్తే అర్థాలు మనసులో నిలుస్తాయి.

స్లౌ ఒక్కటీ ప్రత్యేకంగా చూడాలి. ఒకే స్పెల్లింగ్‌కు మూడు ఉచ్చారణలు. బురదగుంట, నిస్పృహ అర్థంలో బ్రిటన్‌లో 'స్లౌ', అమెరికాలో ఎక్కువగా 'స్లూ'. పాము కుబుసం విడిచినట్టు వదిలేయడం అనే క్రియ అయితే 'స్లఫ్'. స్లౌ ఆఫ్ డెస్పాండ్ అన్న నుడికారం 1678లో వచ్చిన బన్యన్ 'పిల్‌గ్రిమ్స్ ప్రోగ్రెస్' లోది. నిరాశ అనే ఊబి. ఆ రచన పేరు తెలియకపోయినా పరీక్షలో ఇబ్బంది లేదు, కానీ అర్థం తెలిసుండాలి.

సి.పి. బ్రౌన్ నిఘంటువు గురించి కడపవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 1820లో ఇక్కడికి వచ్చి, బంగళా కొని, పండితులను పెట్టుకుని తాళపత్రాలు సరిచూయించిన మనిషి ఆయన. ఇప్పుడు ఆ పేరుతో ఉన్న భాషా పరిశోధన కేంద్రం యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. ఆయన నిఘంటువులను ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. మన పనికి ఇది ఎదురు దిశలో పనికొస్తుంది: అడుసు, రొంపి, ఊబి, చిత్తడి మధ్య తేడా తెలుసుకోవడానికి. ఆధునిక ఇంగ్లిష్ యాసకు దీన్ని నమ్ముకోకూడదు. బాగ్-స్టాండర్డ్ ఇరవయ్యో శతాబ్దం రెండో సగానిది, బ్రౌన్ 1884లోనే పోయారు. అలాగని దీన్ని పక్కన పెట్టేయొద్దు. ఒక ఇడియమ్‌కు తెలుగు సమానార్థకం రాయమన్నప్పుడు ఇంగ్లిష్ మాటను విప్పి రాయడం కన్నా మన దగ్గరున్నది తీయడమే మేలు. మడ్‌స్లింగింగ్‌కు 'బురద చల్లడం' ఉంది. మైర్డ్ ఇన్ డెట్‌కు 'అప్పుల ఊబిలో కూరుకుపోవడం' మన పత్రికల్లో రోజూ కనిపించేదే. 'అడుసు తొక్కనేల, కాలు కడగనేల' అన్న సామెతకు మాత్రం ఈ కుటుంబంలో సరైన జోడీ లేదు. బలవంతంగా జత కలిపిన పుస్తకం కనిపిస్తే అనుమానించండి.

ఫోన్‌లోని అనువాద యాప్‌ల మీద ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఒంటి మాట ఇస్తే నేల పేరు ఇస్తాయి. వాక్యం మొత్తం ఇస్తే కొంత నయం. ఇడియమ్ నేర్చుకోవడానికి అవి వద్దు.

కొనేవాళ్లకు: ఆక్స్‌ఫర్డ్ పదో ఎడిషన్ 2020లో వచ్చింది. ఈ ఇడియమ్స్ కోసమే అయితే ఎనిమిది, తొమ్మిది ఎడిషన్ల పాత ప్రతి చాలు, ఈ మాటల అర్థాలేమీ మారలేదు. సెకండ్ హ్యాండ్ ప్రతి తీసుకునేటప్పుడు మూడు చోట్ల తెరిచి చూడండి: 'బి'లో బాగ్, 'ఎం'లో మైర్, మడ్, 'ఎస్'లో స్లౌ, స్టిక్, స్వాంప్. నాసిరకం నకలు ప్రతుల్లో చిన్న అక్షరాలు, ఉచ్చారణ గుర్తులు అలుక్కుపోయి ఉంటాయి. 'యూజువల్లీ పాసివ్' అన్న చిన్న ముద్ర చదవడానికి రాకపోతే ఆ ప్రతి వద్దు. చేతిలో డబ్బు లేకపోతే ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ వెబ్‌సైట్ కూడా ఉచితమే, ఇవే ముద్రలు, ఇవే ఉదాహరణలు అక్కడా ఉన్నాయి.