విశాఖ ఉప్పుగాలిలో చేతితో చేసిన ఉక్కు ఫ్రేము: కొన్నేళ్ల వాడకం తర్వాత

రోజూ ఆఫీసుకీ, రైతుబజారుకీ తిరిగే సైకిలుకి క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు) ఫ్రేము చేయించుకోవాలంటే ట్యూబు మీది పేరు కంటే కొలతల మీద, తుప్పు ఆపడం మీద ఖర్చు పెట్టండి. ఖరీదైన రెనాల్డ్స్ 853 ట్యూబు అయినా, మామూలు 4130 క్రోమోలీ అయినా, కొలతలు ఒకటైతే బిగువు (వంగకుండా నిలిచే గుణం) దాదాపు ఒకటే. ఖరీదైన రకానికి బలం ఎక్కువ కాబట్టి గోడ పల్చన చేయొచ్చు, ఆ మేరకు బరువు తగ్గుతుంది. నా ఫ్రేములో డౌన్ ట్యూబు (హ్యాండిల్ కింద నుంచి పెడల్ దాకా వచ్చేది) వ్యాసం 31.8 మి.మీ., టాప్ ట్యూబు (సీటు వైపు పోయే పైది) 28.6 మి.మీ. గోడ మందం చివర్లలో 0.9, మధ్యలో 0.6. వెనక క్యారియరు మీద 15 కిలోల సరుకున్నా దిగుడులో హ్యాండిల్ వణకదు. సన్న ట్యూబులైతే ఆ బరువుకి వణుకుతుంది.

చేయించుకున్నందుకు అసలు ఫలితం పొట్టివాళ్లకి తెలుస్తుంది. 5 అడుగుల 4 అంగుళాల మనిషికి 700 చక్రం పెడితే మలుపులో బూటు ముందు మడ్‌గార్డుకి తగులుతుంది. 700×38 టైరు (38 అంటే వెడల్పు, మి.మీ.లో) బదులు చిన్న రిమ్ముకి వేసే 650బి×42 తీసుకుంటే చక్రం వ్యాసార్థం సుమారు 15 మి.మీ. తగ్గుతుంది. హెడ్ కోణం (ఫోర్కు దూరే ముందు హెడ్ ట్యూబు వాలు) 71 డిగ్రీలకి దించి, ఆ వాలుకి తగిన ఫోర్కు వేస్తే ఆ తగులుడు పోతుంది. చైన్‌స్టే (పెడల్ ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసు దాకా పోయే ట్యూబు) 450 మి.మీ. ఉండాలి, లేకపోతే మడమ సంచికి కొట్టుకుంటుంది. ఆర్డరు కాగితంలోనే మడ్‌గార్డుకీ, క్యారియరుకీ విడివిడిగా ఎం5 (5 మి.మీ. బోల్టు) మర రంధ్రాలు రాయించండి. రంగు వేశాక అతికించడం కుదరదు.

విడిభాగాల్లో కొత్తదనం వద్దు. 68 మి.మీ. మరల బాటమ్ బ్రాకెట్ (పెడల్ ఇరుసు తిరిగే బేరింగు), 27.2 సీటు పోస్టు, వెనక 135 మి.మీ. హబ్బు చాలు, ఎక్కడైనా దొరుకుతాయి. మెకానిక్కు బాటమ్ బ్రాకెట్ విప్పేటప్పుడు దగ్గరుండండి: చైను వైపు బేరింగు కప్పు మర ఎడమచేతి వాటం, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. తెలియక బిగించే వైపే తిప్పితే మర పాడవుతుంది.

ఇక తుప్పు. నా ఫ్రేములో హెడ్ ట్యూబు అతుకు దగ్గర రంగు కింద చిన్న పొక్కులు వచ్చాయి. బ్రేజింగ్ (ఇత్తడి లాంటి లోహం కరిగించి ట్యూబులు అతకడం) అయ్యాక, అతుక్కోవడానికి పూసే ఫ్లక్స్‌ మందుని వేడినీళ్లలో పూర్తిగా నానబెట్టి కడగకపోతే ఇలాగే అవుతుంది. డెలివరీకి ముందు అతుకుల ఫొటోలు రంగు లేకుండా అడగండి, గాజులాంటి పెచ్చు కనిపిస్తే వెనక్కి పంపండి. బాటమ్ బ్రాకెట్ అడుగున 4 మి.మీ. నీటి రంధ్రం తప్పనిసరి. సీటు పోస్టు బిగించడానికి సీటు ట్యూబు పైన చేసే చీలిక ముందువైపు ఉంటే వెనక చక్రం చిమ్మే నీళ్లు లోపలికి దిగవు. కేబుల్ రాసుకునే చోట రంగు ముందు పోతుంది, అక్కడ పారదర్శక టేపు అంటించండి.

ట్యూబుల లోపలికి పెయింట్ షాపుల్లో దొరికే డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) బాగా పనిచేస్తోంది. ఫ్రేము విప్పి, ప్రతి ట్యూబులో కొద్దిగా పోసి, అన్ని వైపులా తిప్పి, మిగిలింది కారనిచ్చి, రెండు మూడు రోజులు ఆరబెట్టాలి. వర్షాకాలం ముందు ఒకసారి చాలు. సీటు పోస్టుకి ఆరునెలలకోసారి గ్రీజు పట్టించండి, అతుక్కుపోతే తీయడానికి ఫ్రేమే దెబ్బతినొచ్చు. నూనె తుడిచిన గుడ్డల్ని మాత్రం కుప్పగా పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విడివిడిగా పరిచి ఆరనివ్వండి.