ఫ్లాంజ్ బోల్టుకు టార్క్ రెంచా, టెన్షనరా?

ఫ్లాంజ్ (రెండు పైపులను బోల్టులతో కలిపే అంచు) దగ్గర లీకును ఆపేది బోల్టులోని లాగుడు. టార్క్ రెంచ్ దాన్ని కొలవదు, నట్టు ఎంత గట్టిగా తిరిగిందో మాత్రమే చెబుతుంది. మనం తిప్పే శ్రమలో బోల్టును సాగదీసేది సుమారు పదో వంతే. మిగతాదంతా నట్టు కింద, మరల్లో రాపిడికే పోతుంది.

ఎం24 బోల్టు, అంటే 24 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్నది, తీసుకోండి. 345 మెగాపాస్కల్స్ స్ట్రెస్ కావాలంటే దాదాపు 122 కిలోన్యూటన్ల లాగుడు రావాలి. నట్ ఫ్యాక్టర్ (రాపిడిని లెక్కలోకి తెచ్చే సంఖ్య) 0.2 అనుకుంటే టార్క్, అంటే తిప్పే బలం, 585 న్యూటన్ మీటర్లు. ఎవరో మంచి మనసుతో మరలకు గ్రీజు పూశారు, ఫ్యాక్టర్ 0.15కి పడింది అనుకోండి. అదే టార్క్‌కు స్ట్రెస్ 460కి చేరుతుంది. రెంచ్ మాత్రం రెండుసార్లూ ఒకేలా 'టిక్' మంటుంది!

హైడ్రాలిక్ టెన్షనర్ బోల్టునే నేరుగా పైకి లాగుతుంది, ఆ తర్వాత నట్టును కిందికి దింపుతాం. రాపిడి గొడవ చాలావరకు ఉండదు. అయితే ప్రెషర్ వదలగానే కొంత లాగుడు జారిపోతుంది కాబట్టి ముందే కాస్త ఎక్కువ లాగాలి. టెన్షనర్ పట్టుకోవడానికి నట్టు పైన దాదాపు బోల్టు వ్యాసమంత మర మిగలాలి. పొట్టి స్టడ్లు (తల లేని, మరలున్న బోల్టులు) వేసేసి, టెన్షనర్ వచ్చాక తలలు పట్టుకున్నవాళ్లను చూశాను.

చిన్న నీళ్ల లైనుకు టెన్షనర్ అంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. గ్రీజు ఏదో ముందే ఖాయం చేసుకుంటే రెంచ్ చాలు. పెద్ద హీట్ ఎక్స్ఛేంజర్ ఫ్లాంజ్‌కైతే నా ఓటు టెన్షనర్‌కే. అక్కడ ఒక బోల్టు బిగిస్తే పక్కది వదులవుతుంది, టెన్షనర్లతో సగం బోల్టులను ఒకేసారి లాగొచ్చు.