విమానంలకెళ్ళి దూకినందుకు ఐదు స్టార్లు, ఫ్యూయల్ సర్‌ఛార్జికి ఒక్కటే

ముందే చెప్తున్న, స్కైడైవింగ్ గురించి నాకు తెల్సింది ఒక్కసారి దూకినంత మందమే. జడ్చర్లల నాకు రెండు పది టైర్ల లారీలు ఉన్నయి, బాదేపల్లి మార్కెట్ నుంచి పత్తి, పల్లికాయ ఎత్తుకపోవుడు, వచ్చేటప్పుడు ఏది దొరికితే అది ఏసుకొచ్చుడు, ఇరవై ఏండ్ల సంది ఇదే పని. పొద్దున లేవంగనే డీజిల్ రేటు చూసే అలవాటు. అందుకే ఈ రివ్యూల దూకిన ముచ్చట కొంచెం, బిల్లు ముచ్చట జాస్తి ఉంటది, ఓపిక లేనోళ్ళు ఇక్కడికే ఆపుకోండి.

మా అక్క కొడుకు బెంగళూరుల సాఫ్ట్‌వేర్. 2022 డిసెంబర్ల ఫోన్ చేసి "మామా, నీకు యాభై నిండుతున్నయి కదా, విమానంలకెళ్ళి దూకుదాం, బుక్ చేస్తున్న" అన్నడు. గిఫ్ట్ అనుకొని సరే అన్న. తర్వాత తెల్సింది, బుకింగే వాడిది, పైసలు మాత్రం ఎవరి మందం వాళ్ళవి అని.

సంక్రాంతి పోయినంక నా బొలెరో తీసుకొని 44 హైవే మీద పడ్డ, బెంగళూరుల వాణ్ణి ఎక్కించుకొని అవతలికి పోయినం. కర్నూలు, అనంతపురం దాకా ట్యాంకు ముట్టుకోలే, బాగేపల్లి దగ్గర కర్ణాటకల పడినంకనే ఫుల్ కొట్టించిన, అప్పుడు ఆడ డీజిల్ మనకంటే పది రూపాయలు అగ్గువ. లారీ నడిపెటోనికి ఇది నేర్పనక్కర లేదు. డ్రాప్‌జోన్, అంటే దూకి దిగే జాగ, దాని పేరు, ఊరు రెండూ రాయను, పాత ఎయిర్‌స్ట్రిప్ ఒకటి, చుట్టూ కంప చెట్లు, ఒక టెంటు, ఒక చిన్న విమానం, గంతే.

పోంగనే ఫారాలు. మీద ఏమైనా అయితే మాకు సంబంధం లేదు అని నాలుగు పేజీలు, అన్నింట్ల సంతకం. తర్వాత కాంటా. నిజంగనే నన్ను కాంటా ఎక్కిచ్చిండ్రు, 84 కిలోలు వచ్చింది, 90 దాటితే ఎక్స్‌ట్రా అంట. ఇన్నేండ్లు లారీలను వేబ్రిడ్జి ఎక్కిచ్చిన నన్ను ఓవర్‌లోడ్ ఉన్నడా లేడా అని చూస్తుంటే మా అల్లుడు వీడియో తీసుకుంట ఒకటే నవ్వుడు.

ఇగ బిల్లు. టాండెం, అంటే ఇన్‌స్ట్రక్టర్ పొట్టకు మనల్ని కట్టుకొని దూకేది, 27,000. దానికింద ఇంకో లైను, ఫ్యూయల్ సర్‌ఛార్జి 2,500. రెండింటి మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 34,810, వీడియో కావాలంటే అది వేరే. వెబ్‌సైట్ల 27,000 ప్లస్ ట్యాక్స్ అని మాత్రమే ఉండె, సర్‌ఛార్జి ముచ్చట యాడ లేదు. అడ్వాన్స్ కట్టి, ఆరు వందల కిలోమీటర్లు పోయి, ఫారాల మీద సంతకాలు పెట్టినంక చూపిచ్చిండ్రు. ఇంకో మాట గమనించుండ్రి, పెట్రోలు, డీజిల్, ఏటీఎఫ్ అనే విమానం నూనె ఏదీ జీఎస్టీ కిందకి రాదు, అవి వ్యాట్‌ల ఉన్నయి, కానీ ఫ్యూయల్ పేరు మీద వీళ్ళు వేసిన సర్‌ఛార్జికి మాత్రం జీఎస్టీ పడ్డది, ఇంకో 450.

ఎందుకయ్యా ఇది అంటే కౌంటర్ల పిలగాడు ఫోన్ తీసి వార్త చూపిచ్చిండు, ఏటీఎఫ్ రేటు ఆల్‌టైం రికార్డు అని. చూస్తే అది 2022 జూన్ వార్త. అప్పుడు ఢిల్లీల కిలోలీటర్ 1.41 లక్షలు దాటింది, నిజమే, ఉక్రెయిన్ యుద్ధం తర్వాత అంతట మండింది. కానీ ఏటీఎఫ్ రేటు నెలకొకసారి, ఒకటో తారీఖు మారుతది, మేము పోయిన 2023 జనవరికి అది 1.10 లక్షల లోపలికి దిగింది. అదే లాక్‌డౌన్ల, 2020 మేల, ఇరవై రెండు వేల దగ్గర ఉండె. అంటే ఈ సరుకు ఎంత ఊగుతదో అర్థం చేసుకోండి, మన బంకు డీజిల్ దీని ముందు చాలా నెమ్మదస్తుడు. "తమ్మీ, ఏడు నెలల కింది వార్త చూపెడుతున్నవు" అంటే "సార్, మేనేజ్‌మెంట్ రేటు" అన్నడు. ఆ మాట అన్నంక ఇగ ఎవరితోని మాట్లాడుతం.

అసలు ముచ్చట ఇంకా ముంగట ఉన్నది. పొద్దున పొగమంచు, పదిన్నర దాకా ఎగరలే. నేను విమానం చుట్టు తిరుగుతున్న. పైలట్ రెక్క కింద ఒక చిన్న ప్లాస్టిక్ గిలాస లాంటిది పెట్టి కొంచెం నూనె దించి ఎండకు పట్టి చూస్తున్నడు, నీళ్ళు కలిసినయా అని. మేము డీజిల్ ఫిల్టర్ కింద నీళ్ళు వదిలినట్టే. కానీ ఆ గిలాసల ఉన్నది నీలం రంగు. లేత నీలం, ఉజాల వేసిన నీళ్ళ లెక్క. నాకొచ్చిన హిందీల అడిగిన, ఏటీఎఫ్ అంటే కిరోసిన్ జాతి కదా, నీలంగ ఉన్నదేంది అని. ఆయన నవ్వి, "ఇది ఏటీఎఫ్ కాదు, ఏవ్‌గ్యాస్" అన్నడు.

అంటే అది సెస్నా 182, కార్ల లెక్క పిస్టన్ ఇంజన్ ఉన్న విమానం, అది తాగేది ఏవ్‌గ్యాస్, విమానాల పెట్రోలు, గుర్తు పట్టనీకే నీలం రంగు కలుపుతరు. ఏటీఎఫ్ పోసేది జెట్లకు, టర్బైన్ ఇంజన్లకు. దాంట్ల ఏటీఎఫ్ పోస్తే ఇంజన్ బందైతది. అంటే ఆ పిలగాడు నాకు చూపిచ్చిన వార్త ఆ విమానం ఒక్క చుక్క కూడా తాగని నూనెది. పెట్రోలు బండికి డీజిల్ రేటు చూపిచ్చి కిరాయి పెంచినట్టు. ఏవ్‌గ్యాస్ పిరమే, ఏటీఎఫ్ కంటే చానా పిరం, అది ఒప్పుకుంట, చానా ఏండ్లు మనం బయటి దేశాల నుంచే తెప్పిచ్చుకున్నం, 2022 సెప్టెంబర్లనే ఇండియన్ ఆయిల్ మన దగ్గర తయారైనదాన్ని లాంచ్ చేసింది. అదే చెప్పొచ్చు కదా. నిజం చెప్పినా సగం కోపం పోయేది.

పైలట్‌నే అడిగిన, ఒక లోడుకు ఎంత తాగుతది అని. వాళ్ళు కూడా లోడనే అంటరు, మన లెక్కనే. పదివేల అడుగులకు ఎక్కనీకే ఇరవై అయిదు నిమిషాలు ఇంజన్ ఫుల్‌గ తొక్కుడు, దిగుడు గబగబ, మొత్తం ముప్పై లీటర్ల అటుఇటు అన్నడు. ఒక లోడుల ఇద్దరు కస్టమర్లు, ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు. లెక్క కోసం లీటరు రెండు వందలు వేసుకుందాం. ఆరు వేలు. ఇద్దరి మీద పంచితే మనిషికి మూడు వేలు. అంటే 27,000ల పెట్రోలు వాటా పదో వంతు కొంచెం పైన.

ఇప్పుడు సర్‌ఛార్జి చూడుండ్రి. ఇద్దరి నుంచి అయిదు వేలు. ముప్పై లీటర్ల మీద అయిదు వేలు పెరగాలంటే లీటరుకు నూట అరవై ఆరు రూపాయలు పెరగాలె. ఏ యుద్ధం వచ్చినా గంత పెరుగుతదా? అది పెరిగిన రేటు కాదు, ఆ లోడు పెట్రోలు దాదాపు మొత్తం మళ్ళొకసారి మాతోని పోయిచ్చుకున్నరు. నా లారీ లోడు మీద నాలుగు కిలోమీటర్ల ఆవరేజ్ ఇస్తది, ట్రిప్పు ఖర్చుల సగానికి పైన డీజిలే, అందుకే నాకు అయిదు రూపాయలు పెరిగితే కిరాయి మీద కనపడుతది. వాళ్ళకు పెట్రోలు ఖర్చు పదో వంతు పెరిగితే టికెట్ మీద రెండు వందలో, మూడు వందలో పడాలె. ఇంకా నవ్వొచ్చే ముచ్చట, ఆడికి పోయి వచ్చుడుకు నా బొలెరో తాగిన డీజిల్ మా ఇద్దరికి పంచితే తలా నాలుగు వేలు, విమానంల నా వాటా పెట్రోలు కంటే అదే ఎక్కువ.

దూకుడు ఎట్లుండె అంటరా. డోరు తీయంగనే వచ్చిన గాలికి చెవులు పట్టేసినయి, కింద కంటే ఇరవై డిగ్రీలు చల్లగ ఉంటది మీద. కాళ్ళు బయట పెట్టమన్నడు, పెట్టిన, చెప్పు వేసుకుంటే పోతుండె, బూట్లు కట్టుకోండ్రి అని ముందే చెప్పిండ్రు. ఆ తర్వాత ముప్పై సెకన్లు నాకు ఏం గుర్తు లేదు అని చెప్పితే అబద్ధం, ఒకటి గుర్తున్నది, దవడలు రెండు గాలికి చేటల లెక్క కొట్టుకున్నయి. అయిదు వేల అడుగుల దగ్గర పారాచూట్ తెరుచుకున్నది, ఒక్కసారి అంతా నిశ్శబ్దం. చెర్లు, బావులు, మొక్కజొన్న చేను, మట్టి రోడ్డు మీద ఒక ట్రాక్టర్. అయిదారు నిమిషాలు ఊగుకుంట దిగినం. ఇన్‌స్ట్రక్టర్ బంగారం లాంటి మనిషి, కాళ్ళు లేపు అన్నప్పుడు లేపిన, పిర్రల మీద కూసున్నట్టు ల్యాండింగ్. ఆయనకు ఐదుకు ఐదు. మా అల్లుడు కళ్ళు మూసుకునే దూకిండంట, వీడియోల దొరికిపోయిండు.

న్యాయంగ మాట్లాడాలంటే వాళ్ళ ఖర్చు కూడా చూడాలె. ఆ నూనె బంకుల దొరకది, డ్రమ్ముల్ల లారీ మీద రావాలె, ఆ లారీకి డీజిల్, డ్రైవర్‌కు బత్తా. విమానం ప్రతిసారి ఖాళీగనే దిగుతది, రిటర్న్ లోడు అనేదే లేని ధంద ప్రపంచంల ఇదొక్కటే ఏమో. ఇంజన్ ఇన్ని గంటలు నడిస్తే విప్పి ఓవర్‌హాల్ చెయ్యాలె, సామాన్లు డాలర్లల్ల. మబ్బు పట్టినా, గాలి గట్టిగున్నా దందా బంద్, ఇన్‌స్ట్రక్టర్లు కూసొని తింటరు. సీటు ఖాళీ పోతే ఆరు వేలు ఒక్కని మీదనే పడుతది. మాకంటే ముందు ఒక పిల్ల ఒక్కతే వచ్చింది, జోడి దొరికేదాకా రెండు గంటలు కూసోబెట్టిండ్రు, జడ్చర్ల అడ్డమీద తుఫాన్ బండి నిండేదాకా కదలనట్టు. గీ ఖర్చులకు రేటు పెంచుతా అంటే ఎవరన్న కాదంటరా, 30,000 అని బోర్డు పెట్టు, నచ్చినోడు దూకుతడు.

ఇన్‌స్ట్రక్టర్ చెప్పిన ఇంకో మాట నాకు బాగా అనిపిచ్చింది. అమెరికాల లైసెన్స్ ఉన్నోళ్ళు సొంత పారాచూట్‌తోని వస్తరంట, వాళ్ళు కట్టేది ఉత్త విమానం కిరాయి, ముప్పై డాలర్ల అటుఇటు. దాంట్ల నూనె వాటా ఎక్కువ, అందుకే రేటు పెరిగితే అసలు దెబ్బ వాళ్ళ మీదనే పడుతది, టాండెంకు వచ్చినోని మీద కాదు. పెద్ద విమానం, సెస్నా కారవాన్ లాంటిది ఉంటే పదిహేను మంది దాకా పడుతరు, పదమూడు వేల అడుగులకు పోయినా మనిషికి అయిదు లీటర్లే. మా చిన్న విమానంల ఇన్‌స్ట్రక్టర్‌ను కలుపుకున్నా తలా ఏడున్నర పడ్డది. చిన్న బండిల కిలో కిరాయి జాస్తి, పెద్ద లారీల తక్కువ, అదే సూత్రం.

పాలమూరుల 2021 సంక్రాంతికి పారామోటార్ పోటీలు పెట్టినప్పుడు చూసిన, వీపుకు ఫ్యాన్ కట్టుకొని ఎగిరేది. అది గంటకు నాలుగు లీటర్ల మామూలు పెట్రోలు తాగుతది, ఆయిల్ కలిపి పోస్తరు, మన లూనాకు పోసినట్టు. నూనె పెరిగిందని దానికి సర్‌ఛార్జి వేస్తే జనం నవ్వుతరు.

మొన్న మా అల్లుని దోస్తు అదే దగ్గర బుక్ చేద్దామని అడిగిండు, రేటు చూసినం. ఫ్యూయల్ సర్‌ఛార్జి లైను తీసేసిండ్రు. మంచోళ్ళే అనుకుంటుంటే పైన చూస్తే 27,000 కాస్త 30,500 అయింది. లైను పోయింది, పైసలు మాత్రం రేటుల కలిసిపోయినయి.

పోదామనుకునేటోళ్ళు ఫోన్ల మూడు మాటలు అడగండి: ట్యాక్స్, సర్‌ఛార్జి, వీడియో అన్నీ కలిపి ఆఖరి రేటు ఎంత, ఏ విమానం, ఎన్ని వేల అడుగులు. పదివేలకు ముప్పై సెకన్లు, పదమూడు వేలకు దాదాపు నిమిషం, ఆ తేడా తెల్వకుండ రేట్లు పోల్చకండి. వాట్సాప్‌ల రాయిచ్చుకొనే అడ్వాన్స్ కట్టండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యల పొద్దుగాల స్లాట్ తీసుకోండి, ఒక రోజు ఎక్స్‌ట్రా పెట్టుకోండి.

ఈ లెక్కంతా నేను మార్కెట్‌ల ఛాయ్ తాక్కుంట మా పత్తి సేటుకు చెప్పిన. అంతా విని, గ్లాసు కింద పెట్టి, "నువ్వు 2021ల డీజిల్ పెరిగిందని టన్నుకు వంద పెంచితివి, నవంబర్‌ల కేంద్రం పది రూపాయలు తగ్గిచ్చె, మల్ల మే నెలల ఆరు తగ్గిచ్చె, ఆ వంద యాడ పోయిందయ్యా?" అన్నడు. ఛాయ్ పైసలు నేనే ఇచ్చి లేచిన.