సేంద్రియ సేద్యం: చెక్ దారి, పోలండ్ దారి

కమ్యూనిస్టు పాలన పోయేనాటికి సేంద్రియ సేద్యానికి చెక్, పోలండ్‌లలో ఎక్కువ అనువైన దేశం పోలండే అనిపిస్తుంది. అక్కడ పొలాలు చాలావరకు చిన్న రైతుల చేతుల్లోనే ఉండిపోయాయి. ఎకోలాండ్ అనే రైతుల సంఘం 1989లోనే పుట్టింది. చెక్ వైపు పెద్ద పెద్ద సమష్టి క్షేత్రాలే.

అయినా ముందుకెళ్లింది చెక్. 1990లో ప్రో-బయో అనే సేంద్రియ రైతుల సంఘం ఏర్పడింది, ఆ ఏడే ప్రభుత్వ సాయమూ మొదలైంది. మధ్యలో కొన్నేళ్లు డబ్బు ఆగినా సంఘం చెదిరిపోలేదు. నా దృష్టిలో అసలు బలం అదే. 1998లో సాయం మళ్లీ వచ్చింది, 2000లో చట్టం చేశారు. సేంద్రియ సరుకు మీద వేసే చారల ‘బయో’ గుర్తు చూసి జనం దాన్ని పోల్చుకోవడం నేర్చుకున్నారు.

పోలండ్‌లో చట్టం 2001లో వచ్చింది. 2004లో రెండు దేశాలూ యూరోపియన్ యూనియన్‌లో చేరాక డబ్బుకు కొదవ లేదు. కానీ పోలండ్‌లో తోటలకిచ్చే సాయం ఎక్కువగా ఉండటంతో కొందరు అక్రోట్ మొక్కలు నాటి, కాయ కోసే ఉద్దేశమే లేకుండా సబ్సిడీ తీసుకున్నారు. నిబంధనలు బిగించాల్సి వచ్చింది. 2013 తర్వాత సేంద్రియ విస్తీర్ణం కొన్నేళ్లపాటు తగ్గింది కూడా. నిజంగా పండించిన రైతుకు ఇది అన్యాయం.

నేడు చెక్‌లో వ్యవసాయ భూమిలో దాదాపు ఆరో వంతు సేంద్రియమే, పోలండ్‌లో 5 శాతం అటూ ఇటూ. అయితే చెక్ లెక్కలో అత్యధికం కొండ ప్రాంతాల పచ్చిక బయళ్లే. పశువులు మేస్తాయి, మాంసం వస్తుంది. కూరగాయలు, ధాన్యం మాత్రం తక్కువ. సంస్థల విషయంలో నా ఓటు చెక్‌కే. దున్నే పొలానికి సాయం పెంచే పని అక్కడా మిగిలే ఉంది.