ఫెయిరీ కోసమే స్కాలర్: బెంగళూరు పింగ్‌తో నాలుగు హీలర్లు ఆడాక

ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ ఆటలో నాలుగు హీలర్లతోనూ (జట్టుని బతికించే పాత్రలు: వైట్ మేజ్, ఆస్ట్రాలజియన్, సేజ్, స్కాలర్) సావేజ్ రెయిడ్‌లు, అంటే ఎనిమిది మంది కలిసి బాస్‌ని కొట్టే కష్టమైన ఫైట్లు ఆడి, చివరికి నేను స్కాలర్ దగ్గర స్థిరపడ్డాను. షీల్డుల (దెబ్బని ముందే ఆపే కవచాల) కోసం కాదు. షీల్డులు సేజ్ కూడా వేస్తుంది, నిజానికి ఇంకా తేలిగ్గా వేస్తుంది. నాకు కావలసింది ఆ పక్కన రెక్కలాడిస్తూ తిరిగే చిన్న శాల్తీ, ఫెయిరీ. నేను బాస్‌ని కొడుతున్నా, దెబ్బ తప్పించుకోవడానికి పరుగెడుతున్నా, ఎవరి హెచ్‌పీ (ప్రాణశక్తి) తగ్గితే వాళ్ల మీద తనంతట తానే ఎంబ్రేస్ అనే చిన్న హీలింగ్ వేస్తూ ఉంటుంది. ఆడుకునే పిల్లాడి వెనకాలే తిరుగుతూ నోట్లో ముద్దలు పెట్టే అమ్మమ్మ లాంటిది.

ఏ హీలర్ ఏం చేస్తుందో ఆడేవాళ్లకి తెలుసు కాబట్టి ఆ పట్టికలు వదిలేస్తున్నాను. కానీ మేం ఎక్కడి నుంచి ఆడుతున్నామన్నది చెప్పాలి, ఎందుకంటే నా అభిప్రాయంలో సగం అక్కడి నుంచే వచ్చింది. ఈ ఆటకి ఇండియాలో డేటా సెంటర్ లేదు. మా గుంపు జపాన్ సర్వర్లో ఉంటుంది. మహాదేవపురలో మా ఇంటి నుంచి పింగ్ (నొక్కింది సర్వర్‌కి వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) మామూలుగా 150 మిల్లీసెకన్ల చుట్టూ ఉంటుంది, వర్షం పడితే దేవుడి దయ. జపాన్‌లో రాత్రి తొమ్మిదంటే మనకి సాయంత్రం ఐదున్నర. అక్కడ పార్టీలు కిటకిటలాడే వేళకి మేం ఆఫీసులోనో, అవుటర్ రింగ్ రోడ్డు మీదో ఉంటాం. మేం పది గంటలకి కూర్చునేసరికి అక్కడ ఒకటిన్నర. మాలో ఒకరు రాకపోతే బయట నుంచి ఇంకొకరు దొరకడం కష్టం. ఉన్న ఎనిమిది మందితోనే నెట్టుకు రావాలి.

ఫెయిరీ విలువ నాకు తెలిసింది డాన్‌ట్రెయిల్ అనే ఎక్స్‌పాన్షన్ మొదటి రెయిడ్ శ్రేణిలో, మూడో బాస్ బ్రూట్ బాంబర్ దగ్గర. బ్రూటల్ ఇంపాక్ట్ అని ఒకటుంది కదా, దెబ్బ మీద దెబ్బ వరసగా అందరి మీదా పడేది. అది రాబోతోందని, దెబ్బ తగ్గించే సేక్రెడ్ సాయిల్ వేశాను. అంతే, కరెంటు పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది గానీ రౌటర్ చచ్చింది. అపార్ట్‌మెంట్ జనరేటర్ అందుకునేలోపు రౌటర్ ఒకసారి ఆరిపోయిందంటే అది మళ్లీ లేచి నెట్ పట్టుకోవడానికి ఒక యుగం పడుతుంది. తెర మీద అందరూ ఉన్నచోటే కాళ్లాడిస్తున్నారు.

మా మాటలు మాత్రం ఫోన్లో, మొబైల్ డేటా మీద నడుస్తాయి. అందువల్ల చూడ్డానికి ఏమీ లేకపోయినా వినడానికి అంతా ఉంది. మా వైట్ మేజ్ కర్నూలు వాడు, ఎలక్ట్రానిక్ సిటీలో ఉంటాడు. "మామా, కదలట్లేదేంది? ఉన్నావా?" అన్నాడు. "కరెంటు పోయింది రా, నెట్ లేదు" అన్నాను. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వాడే, "నువ్వు చెట్టులా నిలబడ్డావు గానీ నీ ఫెయిరీ పని చేస్తాంది మామా! ట్యాంక్‌కి వేస్తాంది, ఇప్పుడు నాకేసింది" అని కేక పెట్టాడు. (ట్యాంక్ అంటే ముందు నిలబడి బాస్ దెబ్బలు తినేవాడు.) సర్వర్ నన్ను బయటికి నెట్టేదాకా నా మనిషి అక్కడ బొమ్మలా నిలబడే ఉన్నాడు, ఫెయిరీ మాత్రం డ్యూటీ మానలేదు. బ్రూటల్ ఇంపాక్ట్ దాటారు, ఒక్కరు కూడా పడలేదు. ఆ తర్వాత కాసేపటికి 90002 ఎర్రర్ వచ్చి నన్ను పంపించేసింది, నాతోపాటే ఫెయిరీ కూడా పోయింది. మిగతా ఏడుగురూ చాలాసేపు లాగారు. చివరికి ఎన్‌రేజ్ (టైమ్‌లోపు బాస్ పోకపోతే అందరినీ చంపే దెబ్బ) కొట్టేసింది. సావేజ్‌లో హీలర్ చేసే డ్యామేజ్ కూడా లెక్కలోకి వస్తుంది మరి.

అప్పట్నుంచి మా గుంపులో నన్ను "ఫెయిరీ డ్రైవర్" అంటారు.

తర్వాత తీరిగ్గా లాగ్ (ఫైట్ రికార్డు) తీసి చూశాం. ఆ వరస దెబ్బల్లో జనాన్ని నిలబెట్టింది ఎక్కువగా వైట్ మేజ్ వేసిన అసైలమ్ అనే హీలింగ్, పోయేముందు నేను వేసిన సేక్రెడ్ సాయిల్. ఎంబ్రేస్‌లది చిల్లర వాటా. పడుతూ లేస్తూ ఉన్న హెచ్‌పీని నింపుతుందే తప్ప, చావబోయేవాణ్ణి వెనక్కి లాగే బలం దానికి లేదు. అయినా ఆ చిల్లరే లేకపోతే రెండో ట్యాంక్ పోయేవాడని మా వైట్ మేజ్ ఇప్పటికీ వాదిస్తాడు. నేను కాదనను.

అదే సమయంలో నేను సేజ్‌గా ఉండుంటే? కార్డియా బాగా నచ్చిన ఫీచరే, నేను కొడుతుంటే ట్యాంక్‌కి హీలింగ్ పోతుంది. కానీ నేను కొడితేనే. చెయ్యి ఆగితే అదీ ఆగుతుంది. వైట్ మేజ్ వేసిన రీజెన్ 18 సెకన్లు నడుస్తుంది. ఆస్ట్రాలజియన్ పెట్టిన ఎర్త్‌లీ స్టార్ (పేలి చుట్టూ ఉన్నవాళ్లని హీల్ చేసేది) 20 సెకన్లకి తనే పేలుతుంది. తర్వాత ఏముంది, సున్నా.

ఆస్ట్రాలజియన్ మీద నాకు వేరే కోపం ఉంది. ఎర్త్‌లీ స్టార్‌ని పది సెకన్ల ముందే నాటి, దెబ్బ పడగానే పేల్చడంలో ఉన్న మజా ఏ హీలర్‌లోనూ లేదు. జట్టువాళ్ల మీద వేసే కార్డులు కూడా ఇప్పుడు అదృష్టం మీద కాకుండా వరస ప్రకారం వస్తున్నాయి. కానీ రెండు నిమిషాలకోసారి వచ్చే ఆ బర్స్ట్‌లో (అందరూ కలిసి గట్టిగా కొట్టే వేళలో) కార్డులు, అందరి దెబ్బ పెంచే డివినేషన్, స్టార్ అన్నీ స్పెల్ స్పెల్‌కి మధ్య ఇరికించాలి. టోక్యోలో ఉన్నవాడికి రెండు దూరే సందులో నాకు ఒకటే దూరుతుంది, రెండోది తర్వాతి స్పెల్‌ని వెనక్కి నెడుతుంది. దీన్ని సర్దే బయటి టూల్స్ ఉన్నాయని తెలుసు. నియమాలకి విరుద్ధం, నాకొద్దు.

పింగ్‌తో పోరాడేవాళ్లకి అన్నిటికన్నా దయగలది వైట్ మేజ్. లిల్లీ పువ్వులు ఖర్చు పెట్టి వేసే స్పెల్స్‌కి కాస్ట్ టైమ్ లేదు, నొక్కగానే పడతాయి, ఇరికించాల్సినవి తక్కువ. ఒకరి హెచ్‌పీని పూర్తిగా నింపే బెనెడిక్షన్ మాత్రం నమ్మించి ముంచుతుంది. నొక్కాను, వెలిగింది, ట్యాంక్ అప్పటికే పోయాడు, శవం మీద వెలుగు పడింది. ఇది జపాన్‌లో ఆడేవాళ్లు కూడా చెప్పుకునే జోకే, మనకి ఇంకొంచెం తరచుగా జరుగుతుంది.

ఇంతా చెప్పాక ఫెయిరీని కూడా కొంచెం తిట్టాలి. తనంతట తాను వేసేది బాగానే వేస్తుంది, మనం చెప్పింది మాత్రం ఆలస్యంగా వింటుంది. ఫెయిరీ చేత అందరికీ హీలింగ్ వేయించే విస్పరింగ్ డాన్ నొక్కితే, చేతిలో ఉన్న ఎంబ్రేస్ అయ్యాక గానీ కదలదు. నా పింగ్ దానికి తోడైతే దెబ్బ పడ్డాక హీలింగ్ మొదలైన సందర్భాలు చాలా ఉన్నాయి. డిసిపేషన్ నొక్కితే ఏథర్‌ఫ్లో (హీలింగ్‌కి ఖర్చు పెట్టే నిల్వలు) మూడు వస్తాయి గానీ ఫెయిరీ 30 సెకన్లు మాయమవుతుంది. గైడ్లన్నీ దాన్ని ఖాళీ లేకుండా వాడమంటాయి. నేను వర్షాకాలంలో వాడను. నవ్వితే నవ్వండి.

మీ ఇంట్లో రౌటర్ కూడా ఇన్వర్టర్ మీద ఉంటే, ఆఫీసు నుంచి వచ్చి అలసిపోయి ఆడుతుంటే, సేజ్ తీసుకోండి. దానికన్నా హాయి అయిన షీల్డ్ హీలర్ లేదు. ముక్కూ మొహం తెలియని పార్టీల్లో దూరి ఫైట్ నేర్చుకోవాలంటే వైట్ మేజ్. మా గుంపులో ఆ సీటు ఎలాగూ మా కర్నూలు వాడిదే కాబట్టి నాకు స్కాలర్ కుదిరింది. వేరే గుంపైతే ఏమనేవాణ్ణో చెప్పలేను. ఈమధ్య రౌటర్‌కి చిన్న యూపీఎస్ కొన్నాను. ఇక సేజ్‌కి మారొచ్చు కదా అని మావాళ్లు అడుగుతున్నారు. సేజ్ గేర్ కూడా కడుతున్నాను, టోమ్‌లు (గేర్ కొనే ఆటలోని డబ్బు) మిగిలితే.